కతోలిక విశ్వాసంలో మనస్సాక్షి శిక్షణ

తాను చేయబోయే పని, చేస్తున్న పని, చేసేసిన పని మంచిదా చెడ్డదా అని మనిషి తన బుద్ధితో తేల్చుకునే తీర్పును కతోలిక నైతిక బోధ మనస్సాక్షి అంటుంది. ఆ తీర్పు సత్యానికి తగినట్టు వెలువడేలా బుద్ధినీ హృదయాన్నీ జీవితాంతం తీర్చిదిద్దుకోవడమే మనస్సాక్షి శిక్షణ. ఈ బోధలో రెండు సూత్రాలు జంటగా నడుస్తాయి. నిశ్చయంగా పలికిన మనస్సాక్షిని మనిషి తప్పక పాటించాలి. ఆ మనస్సాక్షికి సరైన శిక్షణ ఇచ్చుకునే బాధ్యత కూడా అతనిదే. మొదటి సూత్రాన్నే పట్టుకుంటే మనస్సాక్షి సొంత ఇష్టానికి మారుపేరవుతుంది. రెండోదాన్నే పట్టుకుంటే పైవాళ్ల ఆదేశాన్ని వల్లించడమే మిగులుతుంది. శ్రీసభ నైతిక చింతన చరిత్రలో చాలా భాగం ఈ రెండింటినీ విడదీయకుండా నిలబెట్టే ప్రయత్నమే.

పోపు రెండవ జాన్ పౌలు 1992లో ప్రకటించిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 1776 నుంచి 1802 వరకు గల పేరాలను మనస్సాక్షికి కేటాయించింది. నేటి అధికారిక బోధకు అదే ప్రధానమైన సంగ్రహం.

స్వభావం

మామూలు మాటల్లో మనస్సాక్షి అంటే తప్పు చేశాక లోపల గుచ్చుకునే బాధ. కతోలిక వేదాంతం దాన్ని అనుభూతిగా కాక తీర్పుగా నిర్వచిస్తుంది. బాధ ఆ తీర్పు వెంట రావచ్చు, రాకపోవచ్చు. ఏ తప్పూ లేనివాణ్ణి అపరాధ భావం వేధించవచ్చు. ఘోరం చేసినవాడికి హాయిగా నిద్ర పట్టవచ్చు. శిక్షణ అన్న మాటకు చోటు దొరికేది ఈ నిర్వచనంలోనే. తీర్పు అనేది తెలిసిన విషయాల మీద, నమ్మిన విలువల మీద, అలవడిన గుణాల మీద ఆధారపడుతుంది. కాబట్టి అది మెరుగుపడగలదు, చెడిపోనూగలదు.

మధ్యయుగ వేదాంతులు ఇందులో రెండు స్థాయిలు గుర్తించారు. మంచిని చేయాలి, చెడును మానాలి అనే మూల గ్రహింపు మొదటిది. దాన్ని సిండెరెసిస్ అన్నారు. పునీత థామస్ అక్వినాస్ (1225–1274) దృష్టిలో ఇది ప్రతి మనిషికీ సహజంగా ఉంటుంది, ఇందులో పొరపాటుకు తావు లేదు. ఆ మూల సూత్రాన్ని ఎదురుగా ఉన్న ఫలానా పనికి వర్తింపజేయడం రెండోది. ఆయన మనస్సాక్షి అన్నది దీన్నే. తప్పు దొర్లేది కూడా ఇక్కడే. అప్పు తీర్చాలని అందరికీ తెలుసు. కాగితం రాసుకోని అప్పు ఇచ్చినవాడు చనిపోయాడు, వారసులకు ఆ సంగతే తెలియదు. అప్పుడు ఏం చేయాలన్నది తేల్చవలసింది మనస్సాక్షి.

ఇలా తేల్చేటప్పుడు మూడు అంశాలు చూడాలని సంప్రదాయం చెబుతుంది: పని స్వభావం, చేసేవాడి ఉద్దేశం, సందర్భం. మూడూ బాగుంటేనే పని మంచిదవుతుంది. పేరు కోసం చేసిన దానంలో ఉద్దేశం చెడ్డది. పేదలకు పంచడానికి చేసిన దొంగతనంలో పని స్వభావమే చెడ్డది. సత్యోపదేశ గ్రంథం ఏ సందర్భంలోనైనా వర్తించే సూత్రాలు మూడింటిని పేర్కొంటుంది. మంచి ఫలితం కోసమైనా చెడు చేయరాదు. ఇతరులు మనకు ఏం చేయాలని కోరుకుంటామో అదే వారికి చేయాలి. పొరుగువారినీ వారి మనస్సాక్షినీ గౌరవించాలి.

బైబిలు మూలాలు

పాత నిబంధనలో మంచిచెడులను తూచే పని హృదయానిది. సొలోమోను రాజు సిరిసంపదలు అడగకుండా మేలుకీళ్లు గుర్తించి ప్రజలకు తీర్పు తీర్చగల హృదయాన్ని అడిగిన ఘట్టం రాజుల మొదటి గ్రంథం 3వ అధ్యాయంలో ఉంది. దావీదు కథ ఇంకా లోతైనది. తనను వేటాడుతున్న రాజు సౌలు తన చేతికి చిక్కినా చంపక, అంగీ చెంగు మాత్రం కోసినందుకే దావీదు మనసు నొచ్చుకుంటుంది. తర్వాత రాజై తన సైనికుడు ఊరియా భార్యను చేరదీసి, ఊరియాను యుద్ధంలో చంపించినప్పుడు అదే మనసు కదలదు. పేదవాడి ఏకైక గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పి, ఆ ధనవంతుడు నువ్వేనని నాతాను ప్రవక్త ఎత్తిచూపాకే దావీదుకు తన తప్పు తెలిసివస్తుంది. చిన్న తప్పుకు ఉలిక్కిపడిన మనసే పెద్ద నేరం ముందు మొద్దుబారగలదని, దాన్ని మేల్కొలపడానికి పైనుంచి ఒక గొంతు అవసరమని ఈ రెండు ఘట్టాలు చూపుతాయి.

కొత్త నిబంధనలో ఈ చర్చకు పునాది వేసింది పునీత పౌలు. ధర్మశాస్త్రం ఎరుగని అన్యజనుల హృదయాల్లో కూడా ధర్మం రాసి ఉంటుందని, వారి మనస్సాక్షే అందుకు సాక్ష్యమని రోమీయులకు రాసిన లేఖ 2వ అధ్యాయంలో అంటాడు. క్రైస్తవేతరుల నైతిక జీవితాన్ని శ్రీసభ గౌరవించడానికి ఇదే ఆధారం. విగ్రహాలకు అర్పించిన మాంసం తినవచ్చా అనే తగవు కొరింతులో రేగినప్పుడు పౌలు ఇచ్చిన సలహా మరో మెట్టు. విగ్రహం ఏమీ కాదని తెలిసినవాడికి తినే స్వేచ్ఛ ఉంది. కానీ అతణ్ణి చూసి బలహీనమైన మనస్సాక్షి గల సోదరుడు తప్పని నమ్ముతూనే తింటే, ఆ సోదరుడి పతనానికి మొదటివాడు కారకుడవుతాడు. సరైన జ్ఞానం ఉండటమే చాలదు, ఎదుటివాడి మనస్సాక్షి మీద ప్రేమ కూడా ఉండాలన్నది పౌలు వాదం.

చారిత్రక వికాసం

1215లో జరిగిన నాలుగవ లాటరన్ మహాసభ, వివేకం వచ్చిన ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలని, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవాలని శాసించింది. దీంతో ఆత్మశోధన మఠాల గోడలు దాటి సామాన్యుల ఇళ్లలోకి వచ్చింది. గురువులకు మార్గదర్శకంగా ఒక్కొక్క సమస్యనూ విడివిడిగా పరిశీలించే గ్రంథాలు పుట్టుకొచ్చాయి. విశ్వవిద్యాలయాల్లో అసలు ప్రశ్న మరొకటి: మనస్సాక్షి పొరబడితే దాన్ని పాటించాలా? పాటించాలన్నాడు అక్వినాస్. క్రీస్తును నమ్మడం మంచి పనే. అయినా అది చెడని ఒకడి బుద్ధి నిశ్చయంగా చెబుతుంటే, ఆ బుద్ధికి విరుద్ధంగా నమ్మడం అతనికి పాపమేనని వివరించాడు. మరి పొరబడిన మనస్సాక్షిని పాటించినవాడు నిర్దోషా? అది అతని అజ్ఞానం ఎలాంటిదన్న దాన్ని బట్టి ఉంటుందన్నాడు. తెలుసుకోవలసినదాన్ని నిర్లక్ష్యంతో తెలుసుకోనివాడు ఆ అజ్ఞానానికే జవాబుదారీ.

1551లో ట్రెంటు మహాసభ, చావైన పాపాలను రకం, సంఖ్య చెప్పి ఒప్పుకోవాలని నిర్దేశించింది. దాంతో పాపాల లెక్కలూ వర్గీకరణలూ ఇంకా సూక్ష్మమయ్యాయి. సందేహం ఉన్న చోట, చట్టం వైపు వాదం బలంగా కనిపించినా, దానికి ఎదురుగా నమ్మదగిన అభిప్రాయం ఒకటి ఉంటే దాన్ని అనుసరించవచ్చని స్పెయిన్ డొమినికన్ గురువు బర్తొలొమే దె మెదీనా 1577లో ప్రతిపాదించాడు. సంభావ్యతావాదంగా పేరుపడిన ఈ పద్ధతి కొందరి చేతుల్లో ఏ తప్పుకైనా సాకు వెతికిపెట్టే విద్యగా దిగజారింది. ఫ్రెంచి రచయిత పాస్కల్ 1656–57లో వెలువరించిన లేఖల్లో దీన్ని ఎండగట్టాడు. పోపు పదకొండవ ఇన్నోసెంటు 1679లో సడలింపువాదుల సిద్ధాంతాలను ఖండించాడు. 1690లో పోపు ఎనిమిదవ అలెగ్జాండరు, రవ్వంత సందేహం ఉన్నా కఠినమైన దారే పట్టాలనే అతివాదాన్నీ ఖండించాడు.

ఈ రెండు అతివాదాల మధ్య దారి చూపినవాడు నేపుల్స్‌కు చెందిన పునీత అల్ఫోన్స్ లిగోరి (1696–1787). న్యాయవాద వృత్తి వదిలి గురువై, 1732లో రిడెంప్టరిస్టు సభను స్థాపించాడు. పల్లెల్లో పశువుల కాపరులకు, రైతులకు పాపసంకీర్తనం విన్న అనుభవం ఆయన నైతిక వేదాంతంలో అడుగడుగునా కనిపిస్తుంది. చట్టం ఉందన్న వాదమూ లేదన్న వాదమూ దాదాపు సమాన బలంతో ఉన్నప్పుడే మనిషి స్వేచ్ఛ వైపు మొగ్గవచ్చన్నది ఆయన సూత్రం. 1871లో ఆయనను శ్రీసభ ఆచార్యునిగా, 1950లో పాపసంకీర్తనం వినే గురువులకు, నైతిక వేదాంతులకు పాలక పునీతునిగా ప్రకటించారు.

19వ శతాబ్దంలో చర్చ రాజకీయాల వైపు మళ్లింది. ఫ్రెంచి విప్లవం తర్వాత వ్యాపించిన మనస్సాక్షి స్వేచ్ఛ నినాదాన్ని పోపు పదహారవ గ్రెగొరీ 1832లో తీవ్రంగా ఖండించాడు. ఏ నమ్మకమైనా ఒకటేననే ఉదాసీనతను అది పెంచుతుందని ఆయన భయం. మొదటి వాటికన్ మహాసభ 1870లో పోపు తప్పిదరాహిత్యాన్ని నిర్వచించాక, కతోలికులు ఇక దేశానికి విధేయులుగా ఉండలేరని బ్రిటన్ మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్ 1874లో ఆరోపించాడు. 1875లో నార్‌ఫోక్ డ్యూక్‌కు రాసిన బహిరంగ లేఖలో ఇంగ్లీషు కతోలిక గురువు జాన్ హెన్రీ న్యూమన్ దానికి జవాబిచ్చాడు. మనస్సాక్షి దేవుని స్వరానికి ప్రతిధ్వని. పోపు అధికారం నిలిచేదే దాని మీద. కనుక అది మనస్సాక్షిని కొట్టివేస్తే తన పునాదిని తానే తవ్వుకున్నట్టవుతుందని వాదించాడు. అదే సమయంలో, మనస్సాక్షి హక్కు పేరుతో తన కాలం వాళ్లు కోరుతున్నది దేవుణ్ణి పక్కన పెట్టి తోచినట్టు బతికే హక్కేనని విమర్శించాడు. న్యూమన్‌ను 2019లో పునీతునిగా ప్రకటించారు.

జర్మన్ రిడెంప్టరిస్టు గురువు బెర్న్‌హార్డ్ హేరింగ్ 1954లో వెలువరించిన క్రీస్తు ధర్మం అనే గ్రంథం పాపాల పట్టికల చుట్టూ తిరుగుతున్న నైతిక వేదాంతాన్ని క్రీస్తు పిలుపు, మనిషి స్పందన అనే దిశకు మళ్లించింది. రెండవ వాటికన్ మహాసభ (1962–65) ఆ మార్పును అధికారికం చేసింది. 1965 డిసెంబరు 7న వెలువడిన రెండు పత్రాలు ఇక్కడ ముఖ్యమైనవి. ఆధునిక ప్రపంచంలో శ్రీసభ గురించిన పత్రం 16వ అంశంలో మనస్సాక్షిని మనిషి దేవునితో ఒంటరిగా ఉండే అంతరంగ పుణ్యస్థలంగా వర్ణించింది. మత స్వేచ్ఛ ప్రకటన, మనస్సాక్షికి విరుద్ధంగా నడవమని ఎవరినీ ప్రభుత్వాలు గానీ సమాజాలు గానీ బలవంతపెట్టరాదంది. 1832 నాటి స్వరానికీ దీనికీ మధ్య ఉన్న దూరం ఎంతటిదన్నది వేదాంతుల్లో నేటికీ చర్చనీయాంశమే.

శిక్షణ సాధనాలు

శిక్షణ బాల్యంలోనే మొదలవుతుంది. పోపు పదవ పయస్ 1910లో ప్రథమ దివ్యసత్ప్రసాదానికి వివేకం వచ్చే వయసును సుమారు ఏడేళ్లుగా నిర్ణయించాడు. పిల్లలు అప్పటికే తప్పొప్పులు గ్రహించగలరన్నది ఇందులోని ఊహ. తల్లిదండ్రుల ప్రవర్తనే మొదటి పాఠం. ఆ తర్వాత సత్యోపదేశ తరగతుల్లో పది ఆజ్ఞలు, అష్టభాగ్యాలు నేర్పుతారు. తెలుగు పల్లెల్లో గురువు స్థిరంగా ఉండని చోట ప్రార్థన నడిపించి పిల్లలకు ఈ పాఠాలు చెప్పేది ఉపదేశులే.

పెద్దలకు సత్యోపదేశ గ్రంథం సూచించే సాధనాలు ఇవి: దివ్యగ్రంథ పఠనం, ప్రార్థన, క్రీస్తు సిలువ ముందు ఆత్మశోధన, పవిత్రాత్మ వరాలు, మంచివారి సాక్ష్యం, వారి సలహా, శ్రీసభ అధికారిక బోధ. వీటిలో ఏ ఒక్కటీ మిగతావాటికి బదులు కాదు. బోధ తెలిసి ప్రార్థన లేనివాడు చట్టం మాత్రమే ఎరిగినవాడవుతాడు. ప్రార్థన ఉండి బోధ పట్టనివాడు తన కోరికనే దైవ స్వరమని పొరబడే ప్రమాదం ఉంది.

ఆత్మశోధనకు పునీత ఇగ్నేషియస్ లొయోలా ఒక క్రమం ఇచ్చాడు. 1548లో పోపు ఆమోదం పొందిన ఆయన ఆధ్యాత్మిక సాధనల గ్రంథంలోని ఈ పద్ధతిలో అయిదు మెట్లున్నాయి. దేవుడు చేసిన మేళ్లకు కృతజ్ఞత చెప్పడం, తన పాపాలు తెలుసుకునే వరం అడగడం, గడిచిన సమయంలోని తలపులనూ మాటలనూ పనులనూ వరసగా పరిశీలించడం, క్షమాపణ వేడుకోవడం, దిద్దుకుంటానని తీర్మానించుకోవడం. పరిశీలన కంటే కృతజ్ఞతను ముందు పెట్టడంలో ఒక ఆలోచన ఉంది. తాను దేవుని ప్రేమను పొందినవాడినని ఎరిగినవాడు తన తప్పును దాచిపెట్టుకోనక్కరలేదు.

పాపసంకీర్తనంలో ఈ పరిశీలన మరొకరి ముందుకు వస్తుంది. 1983 నాటి శ్రీసభ చట్ట సంహిత కూడా గొప్ప పాపాలను ఏడాదికి ఒక్కసారైనా ఒప్పుకోవాలన్న నియమాన్ని కొనసాగించింది. తపస్సు కాలంలో విచారణల్లో (పారిష్‌లలో) ఇందుకు ప్రత్యేక ఏర్పాట్లు చేస్తారు. తప్పును మాటల్లో పెట్టి పలికేటప్పుడు మనిషి తనకు తాను చెప్పుకునే సాకులు పలచబడతాయి. గురువు ఇచ్చే సలహా, విధించే ప్రాయశ్చిత్తం తర్వాతి తీర్పును సరిదిద్దుతాయి.

వీటన్నిటి లక్ష్యం వివేకం అనే గుణం. సంప్రదాయం చెప్పే నాలుగు మూల సద్గుణాల్లో ఇది మొదటిది, మిగతా మూడింటికీ దారి చూపేది. పిరికితనానికీ గడుసుతనానికీ దీనితో సంబంధం లేదు. ఈ చోట, ఈ మనుషుల మధ్య ఏది నిజమైన మేలో కనిపెట్టి, దానికి తగిన దారిని ఎంచుకోగల నేర్పు ఇది.

దోషాలు

మనస్సాక్షి తీర్పును సరైనది, పొరబడినది అని, నిశ్చితమైనది, సందిగ్ధమైనది అని వేదాంతులు విభజిస్తారు. నిశ్చితమైనదాన్ని పాటించాలి. సందిగ్ధంగా ఉన్నప్పుడు పని ఆపి, విచారించి, సందేహం తీర్చుకున్నాకే ముందుకు సాగాలి. తప్పు కావచ్చని అనుమానిస్తూనే చేసేవాడు తప్పుకు సిద్ధపడినట్టే లెక్క.

పొరపాటుకు కారణాలుగా సత్యోపదేశ గ్రంథం క్రీస్తునూ ఆయన సువార్తనూ ఎరగకపోవడాన్ని, ఇతరుల చెడ్డ నడవడిని, వ్యామోహాలకు బానిస కావడాన్ని, మనస్సాక్షి స్వాతంత్ర్యాన్ని తప్పుగా అర్థం చేసుకోవడాన్ని, శ్రీసభ బోధను తిరస్కరించడాన్ని, మనసు మార్పు, ప్రేమ లోపించడాన్ని పేర్కొంటుంది. తన వల్ల కాని అజ్ఞానంతో చేసిన తప్పుకు మనిషి దోషి కాడు. కానీ చెడు చెడుగానే ఉంటుంది, దాని వల్ల ఎవరికో నష్టం జరుగుతూనే ఉంటుంది. నిర్దోషి అయినవాడు కూడా నేర్చుకుంటూనే ఉండాలనడానికి కారణం ఇదే.

అలవాటుగా మారే దోషాలు రెండు. మొద్దుబారిన మనస్సాక్షి పెద్ద పాపాన్ని చిన్నదిగా చూస్తుంది. అతిశంక పట్టిన మనస్సాక్షి లేని పాపాన్ని ఉందనుకుంటుంది. చెప్పిన పాపాన్నే మళ్లీ మళ్లీ చెప్పుకున్నా తృప్తి కలగని అతిశంకతో లొయోలా, లిగోరి ఇద్దరూ బాధపడ్డారు. ఒకే గురువును ఆశ్రయించి ఆయన మాటను నమ్మి నడవడం దీనికి పాత చికిత్స. నేడు ఇది మానసిక వ్యాధి లక్షణంగా కనిపించినప్పుడు వైద్య సహాయం కూడా తీసుకోమంటారు.

మనస్సాక్షి, అధికారం

శ్రీసభ బోధతో విశ్వాసి మనస్సాక్షి విభేదిస్తే ఎలా అన్నది 20వ శతాబ్దపు పెద్ద వివాదం. కృత్రిమ గర్భనిరోధాన్ని నిషేధిస్తూ పోపు ఆరవ పౌలు 1968 జూలై 25న జారీ చేసిన లేఖ దీన్ని రగిలించింది. నిజాయితీగా ప్రయత్నించినా ఈ బోధను పాటించలేని దంపతులు తమ మనస్సాక్షికి సరైనదని తోచిన మార్గంలో నడవవచ్చని కెనడా మేత్రాణులు (బిషప్పులు) ఆ ఏడాది సెప్టెంబరులో విన్నిపెగ్‌లో ప్రకటించారు. అది బోధను నీరుగార్చిందని కొందరు, దంపతులను కాపాడిందని కొందరు అన్నారు.

1993లో పోపు రెండవ జాన్ పౌలు సత్య తేజస్సును గురించిన తన విశ్వలేఖలో మనస్సాక్షి మంచిచెడులను సృష్టించదని, ఉన్నవాటిని గుర్తిస్తుందని నొక్కిచెప్పాడు. ఏ పరిస్థితిలోనూ చేయరాని పనులు కొన్ని ఉంటాయని ధ్రువీకరించాడు. 2016లో పోపు ఫ్రాన్సిస్ కుటుంబ ప్రేమ గురించి రాసిన హితోపదేశంలో మరో వైపు చూపించాడు. గురువుల పని విశ్వాసుల మనస్సాక్షికి శిక్షణ ఇవ్వడమే గానీ దాని స్థానాన్ని ఆక్రమించడం కాదన్నాడు. విడాకుల తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నవారి విషయంలో ఒక్కొక్కరి స్థితినీ వేరువేరుగా పరిశీలించమన్నాడు. ఇది 1993 బోధతో పొసగుతుందా అని నలుగురు కార్డినల్స్ అదే ఏడాది బహిరంగంగా ప్రశ్నించారు.

ఇద్దరు సాక్షులు

ఈ బోధ ఆచరణలో ఎలా ఉంటుందో చూపడానికి తరచుగా చెప్పే పేర్లు రెండు. ఇంగ్లండు ఛాన్సలరుగా పనిచేసిన థామస్ మోర్, రాజు ఎనిమిదవ హెన్రీ వారసత్వ ప్రమాణాన్ని 1534లో నిరాకరించి, 1535 జూలై 6న శిరచ్ఛేదానికి గురయ్యాడు. ఆయన నిర్ణయం వెనుక ఏళ్ల తరబడి చేసిన అధ్యయనం ఉంది. ప్రమాణం చేసినవారిని మాత్రం ఆయన దోషులనలేదు. వారి మనస్సాక్షిని వారికే వదిలేశాడు.

ఫ్రాంజ్ యేగర్‌స్టెటర్ ఆస్ట్రియాలో సెయింట్ రాడెగుండ్ అనే పల్లెకు చెందిన రైతు, ఊరి గుడిలో సేవకుడు. 1938లో ఆస్ట్రియాను జర్మనీలో కలపడానికి జరిగిన ఓటింగులో ఆ ఊళ్లో వ్యతిరేకించినది అతనొక్కడే. హిట్లరు యుద్ధం అన్యాయమని బైబిలూ పునీతుల చరిత్రలూ చదివి నిర్ధారించుకున్నాడు. తన ఆలోచన సరైనదో కాదో తేల్చుకోవడానికి గురువులను, చివరికి లింజ్ మేత్రాణులను కూడా కలిశాడు. కుటుంబ బాధ్యత చూసుకోమన్నదే అతనికి దొరికిన సలహా. 1943 మార్చిలో సైన్యం పిలిచినప్పుడు ఆయుధం పట్టనన్నాడు. క్షతగాత్రులకు సేవ చేస్తానన్నా ఒప్పుకోలేదు. భార్యనూ ముగ్గురు కూతుళ్లనూ వదిలి 1943 ఆగస్టు 9న మరణశిక్షకు లోనయ్యాడు. 2007లో శ్రీసభ అతణ్ణి ధన్యునిగా ప్రకటించింది. మేత్రాణుల సలహాకు భిన్నంగా నడిచినా అతని మనస్సాక్షి శ్రీసభకు బయట తయారైంది కాదు. దివ్యగ్రంథం, ప్రార్థన, పునీతుల ఆదర్శం అనే శ్రీసభ సాధనాలతోనే అది రూపుదిద్దుకుంది. సలహా అడిగాడు, విన్నాడు, తూచాడు, ఆ తర్వాతే తన నిర్ణయానికి తానే మూల్యం చెల్లించాడు.

సమాజపు గుడ్డితనం

మనస్సాక్షి శిక్షణను వ్యక్తిగత పాపాల లెక్కకే పరిమితం చేస్తే సమాజమంతా కలిసి అలవాటు చేసుకున్న అన్యాయం కంటపడదు. భారతదేశంలో దీనికి ప్రత్యక్ష ఉదాహరణ కులం. ఒకే విశ్వాసం పంచుకున్నవారి మధ్య శ్మశానాల్లో, పెళ్లిళ్లలో తేడాలు పాటించిన తరాలు అవి పాపమని పాపసంకీర్తనంలో చెప్పుకోవలసిన అవసరాన్ని గుర్తించలేదు. 2003 నవంబరులో తమిళనాడు మేత్రాణులతో మాట్లాడుతూ పోపు రెండవ జాన్ పౌలు, కుల వివక్ష క్రైస్తవ ప్రేమకు విరుద్ధమని స్పష్టం చేశాడు. భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానాన్ని విడుదల చేస్తూ శ్రీసభ లోపల కూడా వివక్ష ఉందని ఒప్పుకుంది. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని 2022లో కార్డినల్ అయ్యారు. దళిత సమాజం నుంచి ఆ స్థానానికి ఎదిగిన తొలి వ్యక్తి ఆయన.

నైతిక బోధలోని పాత విభజన ఇక్కడ కొత్తగా అక్కరకు వస్తుంది. కులాన్ని పాటించడం తప్పని తెలియక పెరిగినవాడి దోషం తక్కువ కావచ్చు. కానీ జరిగిన హాని తగ్గదు. బోధ వినిపించాక, బాధితుడు ఎదురుగా నిలబడి చెప్పాక, ఇంకా తెలియదనడం నిర్లక్ష్యం కిందికే వస్తుంది. అందువల్ల నేటి ఆత్మశోధనలో అబద్ధమాడానా, ఆదివారం దివ్యబలిపూజ మానానా అన్న ప్రశ్నల పక్కనే, ఎవరి పక్కన కూర్చోవడానికి వెనకాడాను, ఎవరి కూలి ఎగ్గొట్టాను, ఎవరికి అన్యాయం జరుగుతుంటే ఊరుకున్నాను అన్న ప్రశ్నలకూ చోటివ్వాలి.